పేకాటలో కొత్తవారు చేసే పొరపాట్లు

పేకాటలో కొత్తగా చేరినవారు ఆట నియమాలు తెలిసినప్పటికీ కొన్ని పొరపాట్లను పదేపదే చేస్తూ ఉంటారు. ఇవి తెలివి తక్కువై చేసేవి కావు. ముక్కలు పడే తీరులోని లెక్క తెలియకపోవడం, ఎదుటివారి ఆటను గమనించకపోవడం, పందెం డబ్బు గురించి తప్పు అంచనాలు వేసుకోవడం వీటికి ముఖ్య కారణాలు. ఈ విషయంపై ఆంగ్లంలో వచ్చిన పుస్తకాలలో చాలా భాగం పోకర్ గురించినవే. తెలుగునాట మాత్రం పేకాట అనగానే గుర్తుకు వచ్చేది రమ్మీ, అందునా పదమూడు ముక్కల రమ్మీ. కనుక ఈ వ్యాసంలో రమ్మీకి ఎక్కువ చోటు ఇచ్చి, మూడుముక్కలాట, పోకర్ ఆటలను ఆ తరువాత వివరించడమైనది. ఉదాహరణలకు సంగారెడ్డి - పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతాన్ని తీసుకోవడమైనది.

నేపథ్యం

తెలుగువారికి పేకముక్కలు కొత్తవి కావు. గుండ్రని గంజీఫా ముక్కలను తయారుచేసిన ఊళ్ళలో నిర్మల్ ఒకటి. గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం నాటకంలో మధురవాణి ఇంట జరిగే పేకాట రంగం ప్రసిద్ధమైనది. అక్కడ పోలిశెట్టి ముక్కల మీద పడే విసుగును చూస్తే ఓడిపోయేవాడి మాటతీరు నూరేళ్ళలో పెద్దగా మారలేదని తెలుస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న 52 ముక్కల పేకలో ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అనే నాలుగు రంగులు, ఒక్కొక్క రంగులో ఆసు మొదలు రాజు వరకు 13 ముక్కలు ఉంటాయి.

హైదరాబాదు నుండి జహీరాబాదు మీదుగా పూణె వైపు వెళ్ళే 65వ జాతీయ రహదారి (పూర్వం 9వ జాతీయ రహదారి) వెంబడి ఈ పారిశ్రామిక ప్రాంతం విస్తరించి ఉంది. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, భానూరులో భారత్ డైనమిక్స్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ప్రభుత్వ రంగానికి చెందినవి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం పరిసరాలలో ఔషధ, రసాయన, ఇంజనీరింగు పరిశ్రమలు అనేకం ఉన్నాయి. పూర్వం మెదక్ జిల్లాకు కేంద్రంగా ఉన్న సంగారెడ్డి 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లా అయింది. ఇక్కడి కర్మాగారాలలో స్థానికులతో పాటు ఆంధ్ర ప్రాంతం నుండి, ఒడిషా, బీహారు, ఉత్తర ప్రదేశ్, ఝార్ఖండ్ రాష్ట్రాల నుండి వచ్చినవారు పనిచేస్తున్నారు. వీరిలో చాలామంది కుటుంబాన్ని ఊరిలో వదిలి, నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకొని ఉంటారు.

షిఫ్టు ముగిసిన తరువాత మిగిలే గంటలు, వారాంతపు సెలవు, చేతికి జీతం అందే నెల మొదటి వారం - ఈ మూడూ కలిసినప్పుడు గదిలో పేక కట్ట బయటికి రావడం సహజం. తెలుగువారికి రమ్మీ, ఉత్తరాదివారికి తీన్ పత్తి అనే మూడుముక్కలాట ఎక్కువ పరిచయం. దసరా, దీపావళి, సంక్రాంతి పండుగలకు ఈ ఆటలు జోరందుకుంటాయి. కంది వద్ద ఐఐటీ, రుద్రారం వద్ద గీతం వంటి విద్యాసంస్థలు కూడా ఈ రహదారి మీదనే ఉన్నాయి. విద్యార్థులకు పోకర్ ఎక్కువగా ఆంగ్ల చిత్రాల ద్వారా, అంతర్జాలం ద్వారా పరిచయమైన ఆట.

రమ్మీలో

ఇద్దరు మొదలుకొని ఆరుగురు వరకు ఆడే పదమూడు ముక్కల రమ్మీలో సాధారణంగా రెండు కట్టలు కలిపి వాడతారు. ముక్కలన్నీ వరుసలుగా (సీక్వెన్సు), జట్లుగా (ట్రిప్లెట్ లేదా సెట్) కూర్చినవాడు షో చేస్తాడు. కనీసం రెండు వరుసలు ఉండాలి, వాటిలో ఒకటి జోకర్ లేనిదై ఉండాలి. దీనినే ఒరిజినల్ అనీ, లైఫ్ అనీ వ్యవహరిస్తారు. ఎవరైనా షో చేసినప్పుడు మిగిలినవారి చేతిలో కూరని ముక్కలకు కౌంటు వేస్తారు. ఆసు, రాజు, రాణి, జాకీలకు పదేసి, మిగిలిన వాటికి వాటి మీది అంకె, జోకర్లకు సున్న. ఎంత ఎక్కువ వచ్చినా 80 దగ్గర ఆపుతారు.

కొత్తవారి పొరపాట్లలో అన్నిటికంటె ఖరీదైనది లైఫ్ గురించి ఆలస్యంగా ఆలోచించడం. మూడు రాజులు కనబడగానే సంబరపడి వాటిని పక్కన పెట్టుకొంటారు, జోకర్ వస్తే దానితో ఒక వరుస కట్టేస్తారు. చేయి నిండుగా కనిపిస్తుంది. కాని లైఫ్ లేకపోతే ఇవన్నీ లెక్కకు రావు. ఒక ఉదాహరణ చూద్దాం. చేతిలో మూడు రాజులు, మూడు ఎనిమిదులు, డైమను రాణి, డైమను జాకీ, ఒక జోకర్, ఆఠీను అయిదు, ఆఠీను ఆరు, కళావరు తొమ్మిది, ఇస్పేటు రెండు ఉన్నాయి అనుకొందాం. ఎదుటివాడు షో చేస్తే కౌంటు 30, 24, 20, దానికి తోడు 22, మొత్తం 96. అనగా పూర్తి 80 పడినట్లే. ఇదే చేతిలో కళావరు తొమ్మిదికి బదులు ఆఠీను ఏడు ఉన్నట్లయితే 5-6-7 లైఫ్ అవుతుంది, డైమను రాణి, జాకీ, జోకర్ రెండవ వరుస అవుతాయి, రాజులూ ఎనిమిదులూ జట్లుగా చెల్లుతాయి. మిగిలేది ఇస్పేటు రెండు ఒక్కటే, కౌంటు 2. ఒక్క ముక్క తేడాతో 80 కాస్తా 2 అయింది. అందువలన అనుభవజ్ఞులు పంచిన ముక్కలు చేతిలోకి తీసుకోగానే జోకర్ ఎక్కడ ఉన్నదని చూడరు, లైఫ్ ఎక్కడి నుండి రాగలదని చూస్తారు.

రెండవది, ఏ ముక్క కొరకు ఎదురుచూస్తున్నామో దాని లెక్క కట్టకపోవడం. రెండు కట్టల ఆటలో ప్రతి ముక్కకూ మరొక జోడు ఉంటుంది. చేతిలో ఆఠీను 5, 6 ఉంటే నాలుగు గాని ఏడు గాని పనికివస్తుంది, అనగా నాలుగు ముక్కలు. అదే 5, 7 ఉంటే ఆరు ఒక్కటే కావాలి, అవి రెండే ఉన్నాయి. ఆసు, రెండు పట్టుకొని కూర్చున్నవాడి గతి కూడా అంతే, మూడు తప్ప మరొకటి అక్కరకు రాదు. ఆసు, రాజు జతకు రాణి ఒక్కటే. కొత్తవారు ఈ రెండు రకాల జతలనూ ఒకే విధంగా చూసి, అవకాశం రెట్టింపు ఉన్న 5-6ను విడగొట్టి, నడుమ ఖాళీ ఉన్న జతను దాచుకోవడం తరచుగా కనబడుతుంది. 5, 7 పట్టుకొన్నవాడు పారేసిన ముక్కలలో రెండు ఆఠీను ఆరులూ పోయాయని గుర్తించకపోతే రాని ముక్క కొరకు ఆట ముగిసేవరకు ఎదురుచూస్తాడు. పారేసిన ముక్కలన్నీ కంఠస్థం చేయడం కొత్తవారికి సాధ్యం కాదు, అవసరం కూడా లేదు. తనకు కావలసిన నాలుగైదు ముక్కలు ఎన్ని పోయాయో గుర్తుంచుకొన్నా చాలును.

మూడవది, కింద పడిన ముక్కను అనాలోచితంగా ఎత్తడం. మూసిన కట్ట నుండి తీసిన ముక్క ఎవరికీ తెలియదు. ఎదుటివాడు పారేసిన ఆఠీను ఏడును ఎత్తినప్పుడు మాత్రం మన అవసరం ఏమిటో అందరికీ చెప్పినట్లే. ఇక ఆ రంగులో 5, 6, 8, 9 ముక్కలనుగాని, ఏ రంగు ఏడునుగాని తెలివైనవాడు వదలడు. లైఫ్ పూర్తి అవుతుందన్నప్పుడు, లేదా ఆట ముగింపుకు వచ్చినప్పుడు ఎత్తవచ్చును. 'ఉంటే ఎప్పటికైనా పనికివస్తుంది' అని ఎత్తడం మాత్రం చేజేతులా దారి మూసుకోవడమే. ఇదే సూత్రం తిరగవేస్తే, మన పక్కన కూర్చొని మన తరువాత ఆడేవాడు ఏమి ఎత్తుతున్నాడు, ఏమి వదిలేస్తున్నాడు అనేది ఆటలో ముఖ్యమైన సమాచారం. మనం పారేసిన ముక్క మొదట అతనికే అందుతుంది. ఆరుగురినీ గమనించలేనివారు అతనినొక్కడినైనా గమనించాలి.

పెద్ద ముక్కలను వదలలేకపోవడం మరొక బలహీనత. రాజు, రాణి బొమ్మలు చూడడానికి బాగుంటాయి కాని కూరకపోతే ఒక్కొక్కటి పది. మూడు నాలుగు చుట్లు గడిచినా జత కుదరని బొమ్మ ముక్కను వదులుకోవడమే మేలు. అయితే అందరూ ఇదే పాఠం నేర్చుకొని మొదటి చుట్టులోనే బొమ్మలు పారేస్తారు కనుక, అప్పుడు వాటితో వరుస కట్టడం ఒక్కొక్కసారి తేలిక అవుతుంది. ఇటువంటి విషయాలలో ఒకే నియమం అన్ని చోట్లా చెల్లదు. కూర్చున్న బల్ల దగ్గర ఎవరు ఎలా ఆడుతున్నారో చూడాలి.

జోకర్ విషయంలో రెండు రకాల పొరపాట్లు ఉన్నాయి. ఒకటి, అది దానంతట అదే లైఫ్‌గా కుదిరే చోట పెట్టి వృథా చేయడం. రెండవది, జోకర్‌గా తెరిచిన ముక్కకు ఇరుగు పొరుగు ముక్కల విలువ మారిందని గుర్తించకపోవడం. ఉదాహరణకు ఆరు జోకర్ అయితే, చేతికి వచ్చిన ఆరులను అందరూ జోకర్లుగానే దాచుకొంటారు, 5-6-7 వంటి వరుసలలో పెట్టడానికి మనసు ఒప్పదు. కనుక ఐదులు, ఏడులు ఎదుటివారికి కొంత తక్కువగా పనికివస్తాయి. పారేయవలసి వచ్చినప్పుడు ఇటువంటి ముక్కలు సాపేక్షంగా క్షేమం.

డ్రాప్ చేయడం (కొందరు దీనిని స్కూట్ అంటారు) పిరికితనమని కొత్తవారు భావిస్తారు. ఈ వ్యాస విషయంలో అత్యధికంగా నష్టం కలిగించే భావన ఇదేనని చెప్పవచ్చును. 101 పాయింట్ల పూల్ ఆటలో సాధారణంగా మొదటి డ్రాప్‌కు 20, మధ్యలో వదిలితే 40, పూర్తి కౌంటుకు 80 వేస్తారు. అనగా ఒక్క పూర్తి కౌంటు నాలుగు మొదటి డ్రాప్‌లతో సమానం. జోకర్ లేక, వరుసకు దగ్గరగా ఉన్న జత కూడా లేక ముక్కలు చెల్లాచెదరుగా పడినప్పుడు 20 ఇచ్చి తప్పుకోవడం లాభమే. మధ్యలో డ్రాప్ చేయవలసిన సందర్భాలు అంతకంటె అరుదు. అప్పటికే చేతిలోని కౌంటు 40కి తక్కువగా ఉంటే డ్రాప్ చేయడంలో అర్థం లేదు. అటు అదేపనిగా డ్రాప్ చేయడం కూడా పనికిరాదు. అయిదు డ్రాప్‌లతో 100 చేరుతుంది, ఆ పైన డ్రాప్ చేస్తే ఆట నుండి తొలగినట్లే కనుక ఎటువంటి చేయి వచ్చినా ఆడి తీరవలసిందే.

తప్పు షో గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గెలిచిన ఆటను 80 కౌంటుగా మార్చుకొనే మార్గం ఇది. రెండు కట్టలు ఉన్నందువలన ఒకే రంగు ఎనిమిది రెండుసార్లు రావచ్చును. డైమను ఎనిమిది, డైమను ఎనిమిది, ఇస్పేటు ఎనిమిది కలిపి జట్టు అనుకొని షో చేసేవారు ప్రతి చోటా ఉంటారు. జట్టులో రంగులు వేరువేరుగా ఉండాలి. అలాగే ఆసు-రెండు-మూడు, రాణి-రాజు-ఆసు చెల్లుతాయి గాని రాజు-ఆసు-రెండు చెల్లదు. పారేసిన జోకర్‌ను ఎత్తవచ్చునా, చివరి ముక్క ఎలా మూయాలి వంటి వాటిలో ఊరికొక పద్ధతి ఉంది. శ్రీకాకుళం నుండి వచ్చినవాడూ జహీరాబాదువాడూ ఒకే గదిలో ఆడుతున్నప్పుడు వీటిని ముందే అడిగి తెలుసుకోకపోవడం తగాదాలకు మూలం అవుతుంది.

మూడుముక్కలాటలో

తీన్ పత్తి, ఫ్లష్ అని కూడా పిలిచే ఈ ఆటలో నైపుణ్యానికి చోటు బహు తక్కువ. అయినా పొరపాట్లకు లోటు లేదు. 52 ముక్కలలో మూడు ముక్కల చేతులు మొత్తం 22,100 రకాలుగా పడవచ్చును. వాటిలో మూడూ ఒకే అంకె కలవి (ట్రయల్) 52, ఒకే రంగు వరుసలు 48, వేరు రంగుల వరుసలు 720, ఒకే రంగువి 1,096, జతలు 3,744. మిగిలిన 16,440 చేతులలో ఏమీ ఉండదు, అనగా నూటికి 74 సార్లకు పైగా ఉత్త చేయే వస్తుంది. (ఈ లెక్క ప్రకారం రంగు వరుస ట్రయల్ కంటె అరుదైనది. అయినా ఆట నియమాలలో ట్రయల్‌కే పై స్థానం ఇచ్చారు.)

జత పడగానే గెలిచినట్లు భావించడం కొత్తవారి అలవాటు. ఎదురుగా ఒక్కడే ఉన్నప్పుడు అతనికి జత లేదా అంతకంటె మంచి చేయి ఉండే అవకాశం నాలుగింట ఒకటి. అయిదుగురు ఉన్నప్పుడు వారిలో కనీసం ఒకరికి అటువంటి చేయి ఉండే అవకాశం సుమారు 77 శాతం. కనుక చిన్న జత మీద చాల్ పెంచుకొంటూ పోవడం ప్రమాదకరం. ముక్కలు చూడకుండా ఆడే బ్లైండ్‌లో సగం పందెమే కట్టాలన్నది నిజమైన సౌకర్యమే, కాని బ్లైండ్‌గా ఆడితే అదృష్టం కలిసివస్తుందన్నది నమ్మకం మాత్రమే.

లోపల-బయట అనే ఆటలో అసలు నిర్ణయం అంటూ ఏమీ లేదు. మొదట ముక్క పడే వైపుకు సుమారు 51.5 శాతం అవకాశం ఉంటుంది, అంతే. దీనిలో 'తెలివిగా ఆడే' పద్ధతులను చెప్పేవారి మాటలకు ఆధారం లేదు.

పోకర్‌లో

పోకర్‌లో నేడు ఎక్కువగా ఆడే రకం టెక్సాస్ హోల్డెమ్. ప్రతి ఆటగాడికి రెండు ముక్కలు మూసి పంచుతారు, బల్లపై అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు - మొదట మూడు, ఆ తరువాత ఒకటి, చివర ఒకటి - తెరుస్తారు. ప్రతి దశలోను పందెం కాస్తారు. మొత్తం ఏడింటిలో మేలైన అయిదు ముక్కలు చేయి అవుతాయి. రమ్మీకి అలవాటుపడినవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. రమ్మీలో ముక్కలు మార్చుకొంటూ చేతిని మెరుగుపరుచుకోవచ్చును. పోకర్‌లో వచ్చిన రెండు ముక్కలే చివరివరకూ ఉంటాయి. నిర్ణయించుకోవలసింది ఉండడమా, తప్పుకోవడమా, ఎంత కాయడమా అన్నదే.

ప్రపంచమంతటా కొత్తవారి మొదటి పొరపాటు ఒక్కటే: అవసరమైన దానికంటె ఎక్కువ చేతులు ఆడడం. రెండు ముక్కల కలయికలు 1,326 ఉన్నాయి. వాటిలో జతలు 78, అనగా 17 సార్లకు ఒకసారి. రెండు ఆసులు 221 సార్లకు ఒకసారి మాత్రమే వస్తాయి. జత కాని ముక్కలతో దిగినవాడికి బల్లపై మొదటి మూడు ముక్కలు తెరిచినప్పుడు కనీసం ఒక జత కుదిరేది దాదాపు మూడింట ఒకసారి. కాబట్టి ఎక్కువ చేతులు మొదటనే వదిలివేయవలసినవి. గంటసేపు ఊరికే కూర్చోవడం విసుగు కలిగిస్తుంది, ఆ విసుగుకే కొత్తవారు డబ్బు చెల్లిస్తారు.

ఒకే రంగు ముక్కలు రెండు వస్తే అవి గొప్పవని భావించడం దీనికి అనుబంధం. అటువంటి రెండు ముక్కలు ఉన్నప్పుడు బల్లపై మొదటి మూడూ అదే రంగువి పడే అవకాశం నూటికి ఒకటి కంటె తక్కువ (0.84 శాతం).

పందెానికీ అవకాశానికీ గల నిష్పత్తిని చూడకపోవడం అసలైన పొరపాటు. ఒక సందర్భం తీసుకొందాం. చేతిలో రెండు, బల్లపై తెరిచిన నాలుగింటిలో రెండు ఆఠీనులు ఉన్నాయి. ఇంకొక ఆఠీను పడితే రంగు పూర్తి అవుతుంది. కనబడని 46 ముక్కలలో ఆఠీనులు 9, అనగా 19.6 శాతం. నడుమ 300 రూపాయలు ఉన్నాయి, ఎదుటివాడు మరో 300 కాశాడు. ఇప్పుడు 300 కట్టి 600 గెలవడానికి ఆడాలి. ఇది గిట్టుబాటు కావాలంటే మూడింట ఒకసారి గెలవాలి. అవకాశం అయిదింట ఒకటి కూడా లేదు. అందువలన వదలడమే సరియైనది. ఎదుటివాడు 300కు బదులు 50 మాత్రమే కాసి ఉంటే 350 కొరకు 50 కట్టాలి, ఎనిమిదింట ఒకసారి గెలిచినా చాలును కనుక ఆడవచ్చును. ముక్కలు అవే, అవకాశం అదే, ధర మాత్రం వేరు. 'రంగు పడుతుందా పడదా' అనే ప్రశ్న వేసుకొనేవాడు కొత్తవాడు, 'ఎంతకు' అని అడిగేవాడు ఆట తెలిసినవాడు.

'ఇప్పటికే ఇంత పెట్టాను' అని కొనసాగడం మరొకటి. నడుమ పడిన డబ్బు ఎవరిదీ కాదు. అందులో మన వాటా ఎంత అన్నది తరువాతి నిర్ణయానికి అనవసరం. అలాగే తన వరుస ఎప్పుడు వస్తుందో పట్టించుకోకపోవడం. చివర మాట్లాడేవాడు అందరి నిర్ణయాలూ చూసి ఆడతాడు, ముందు మాట్లాడేవాడు చీకటిలో ఆడతాడు. ఒకే చేయి మొదటి స్థానంలో వదలదగినది, చివరి స్థానంలో ఆడదగినది కావచ్చును. ఇక చిత్రాలు చూసి పోకర్ నేర్చుకొన్నవారు లేని చేయిని ఉన్నట్లు నటించడమే ఆట అనుకొంటారు. ఎదుటివాడు వదలగలవాడైతేనే ఆ నటన పనిచేస్తుంది. గదిలో స్నేహితులతో ఆడేటప్పుడు ఎవరూ వదలరు, చూద్దామనే కుతూహలంతో కట్టేస్తారు.

డబ్బు లెక్కలు

ఆట ఏదైనప్పటికీ డబ్బు విషయంలో చేసే పొరపాట్లు ఒకే విధంగా ఉంటాయి. నాలుగుసార్లు ఓడినవాడికి అయిదవసారి గెలుపు 'రావలసి' ఉన్నదన్న భావన వాటిలో మొదటిది. కలిపి పంచిన పేకకు గతం గుర్తుండదు. సమానమైన నేర్పుగల ఆరుగురు ఆడుతుంటే పది ఆటలలో ఒక్కటి కూడా గెలవకపోయే అవకాశం 16 శాతం. అంటే దాదాపు ఆరు సాయంత్రాలలో ఒకటి అలాగే గడుస్తుంది. దానికి దురదృష్టమని పేరు పెట్టనవసరం లేదు. అదే విధంగా పదింటిలో నాలుగు లేదా అంతకుమించి గెలిచే అవకాశం 7 శాతం ఉంది. మొదటి రోజే అటువంటి గెలుపు దొరికినవాడు తనకు ఆట పట్టుబడిందని నమ్ముతాడు. ఓడినవాడికంటె ఇతనికే ముప్పు ఎక్కువ.

ఆట నడిపేవారు తీసుకొనే కమీషన్‌ను చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఆరుగురు తలా వంద రూపాయలు వేసి ఆడుతున్నారు, గెలిచినవాడి నుండి నూటికి పది మినహాయిస్తున్నారు అనుకొందాం. 60 ఆటలు ఆడితే ఒక్కొక్కరు 6,000 కట్టినట్లు. అందరూ సమానులైతే తలా పది ఆటలు గెలుస్తారు, ఆటకు 540 చొప్పున 5,400 వస్తుంది. ఆరుగురూ తలా 600 పోగొట్టుకొన్నారు, ఒకరికీ ఒకరు ఓడలేదు. ఈ 3,600 రూపాయలూ ముక్క ముట్టనివాడికి చేరాయి. అనగా నడిపించేవాడు ఉన్న చోట సగటు ఆటగాడు కావడం చాలదు, మిగిలినవారికంటె కమీషన్‌ను మించినంత మెరుగ్గా ఆడాలి. కొత్తవారికి ఇది సాధ్యం కాదు.

పోయిన డబ్బును ఆ రాత్రే తిరిగి రాబట్టాలని పందెం రెట్టింపు చేయడం, దానికై అప్పు తేవడం తరువాతి మెట్టు. ఒప్పంద కార్మికులకు ఇది మరింత ప్రమాదం. జీతంలో గది అద్దె, మెస్ ఖర్చు, ఇంటికి పంపవలసిన మొత్తం ముందే నిర్ణయమై ఉంటాయి. పోయేది ఇంటికి పంపవలసిన భాగమే అవుతుంది. నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చినవాడు నెలనెలా 500 కడుతూ పోయినా అసలు తగ్గదు, సంవత్సరానికి వడ్డీయే 6,000 అవుతుంది. రాత్రంతా ఆడి ఉదయం షిఫ్టుకు వెళ్ళడం రసాయన పరిశ్రమలలో పనిచేసేవారి విషయంలో డబ్బుకు మించిన నష్టం తేగలదు. ఆటకు విడిగా కొంత మొత్తం పెట్టుకొని, అది అయిపోగానే లేవడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. ఆ మొత్తాన్ని సినిమా టిక్కెట్టు ఖర్చువలె తిరిగిరానిదిగా భావించాలి. మానలేకపోవడం ఒక రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ (14416) ద్వారా ఉచితంగా, తెలుగులో కూడా, సలహా పొందవచ్చును.

చట్టం గురించిన అపోహలు

'రమ్మీ నైపుణ్యపు ఆట అని సుప్రీం కోర్టే చెప్పింది' అన్న మాట పేకాటరాయుళ్ళ నోట తరచు వినబడుతుంది. మాట నిజమే కాని సగమే. ఆ తీర్పుకు మూలం సికింద్రాబాదులోనే ఉంది. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవారిపై నాటి హైదరాబాదు జూద చట్టం కింద కేసు పెట్టారు. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రానికీ కె.సత్యనారాయణ ప్రభృతులకూ నడుమ నడిచిన ఈ వ్యాజ్యంలో 1967 నవంబరులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియడం అవసరం కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడినదనీ, మూడుముక్కలాట వంటి కేవల అదృష్టపు ఆట కాదనీ న్యాయస్థానం అభిప్రాయపడింది. పైన రమ్మీ విభాగంలో చెప్పిన పొరపాట్లు చాలావరకు ఈ రెండు నేర్పుల లోపమే కావడం గమనించదగినది. అయితే క్లబ్బు యజమాని ఆట నుండి లాభం గడిస్తున్నట్లు రుజువైతే నేరం కాగలదని కూడా అదే తీర్పులో ఉంది. ఈ భాగాన్ని ఎవరూ ఉదహరించరు.

ఆ తరువాత 1974లో వచ్చిన గేమింగ్ చట్టం తెలంగాణలోను అమలైంది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా, అదే సంవత్సరం సవరణ చట్టం ద్వారా, డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటలను నిషేధించింది. ఆంధ్ర ప్రదేశ్ 2020లో ఇటువంటి సవరణే చేసింది. పోకర్ విషయంలో రాష్ట్రానికొక తీరు కనబడుతుంది. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టం బ్రిడ్జి, రమ్మీలతో పాటు పోకర్‌ను కూడా జూదం నిర్వచనం నుండి మినహాయించింది. గుజరాత్ హైకోర్టు 2017 డిసెంబరులో పోకర్ జూదమేనని తేల్చింది. ఒక రాష్ట్రంలో చెల్లినది మరొక రాష్ట్రంలో చెల్లుతుందని ఊహించుకోవడం కూడా కొత్తవారి పొరపాట్లలో చేర్చదగినదే. బీదరు, సంగారెడ్డి పక్కపక్కనే ఉన్నా వాటి చట్టాలు వేరు.

సెల్‌ఫోనులో ఆడేవారికి ఇప్పుడు ఈ చర్చ చాలావరకు అప్రస్తుతం. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం నైపుణ్యం, అదృష్టం అనే భేదం లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. నిర్వాహకులకు మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. ప్రకటనలు ఇచ్చినవారికి రెండేళ్ళు, 50 లక్షలు. ఆడేవారికి ఈ చట్టంలో శిక్ష లేదు. హైదరాబాదుకు చెందిన రమ్మీ సంస్థ హెడ్ డిజిటల్ వర్క్స్ దీనిని కర్ణాటక హైకోర్టులో సవాలు చేసింది. 2025 సెప్టెంబరులో ఇటువంటి పిటిషన్లను సుప్రీం కోర్టు తనకు బదిలీ చేసుకొంది. నిషేధం తరువాత కూడా విదేశాల నుండి నడిచే యాప్‌లలో డబ్బు వేసేవారు ఉన్నారు. అక్కడ గెలిచిన మొత్తం చేతికి రాకపోతే ఫిర్యాదు చేయడానికి ఈ దేశంలో చిరునామా ఉండదు.